గుమాస్తా కుర్చీ కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజులూ యుద్ధాలూ రాయడానికి పండితులున్నారు. ముప్పై ఆరేళ్లు నన్ను మోసిన కుర్చీని గురించి రాస్తాను.

దేశ విభజనలో లాహోరు పాకిస్తానుకు పోయింది. మన వైపు పంజాబుకు రాజధాని లేకుండా పోయింది. అలా కట్టిన ఊరే చండీగఢ్. నగర ప్రణాళిక లె కార్బూజియేది. ఆయన అప్పుడప్పుడు వచ్చి వెళ్లేవాడు. వరుసకు తమ్ముడైన పియేర్ జన్నరే మాత్రం 1951 నుంచి 1965 దాకా అక్కడే ఉండి పని నడిపించాడు.

భవనాలు లేచాయి సరే, సచివాలయం, హైకోర్టు, విశ్వవిద్యాలయం అన్నిటికీ కుర్చీలు కావాలి. అవీ వేల సంఖ్యలో. డబ్బు తక్కువ. పెద్ద ఫ్యాక్టరీలు లేవు, కానీ వడ్రంగులున్నారు, టేకు ఉంది, పేము ఉంది. జన్నరే తన ఇంట్లోనే వెదురుతో, తాడుతో, ఇనుప చువ్వలతో చవక కుర్చీలు చేయించి చూసేవాడట. ఆఫీసు కుర్చీకి చివరకు కుదిరిన రూపం ఇది: రెండు పక్కలా కాళ్లు తలకిందులైన ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటాయి, మన పిల్లల జామెట్రీ పెట్టెలోని వృత్తలేఖిని చాపినట్టు. కూర్చునే చోట, వీపు వెనుక పేము అల్లిక. టేకును చెద అంత తేలికగా ముట్టదు. పేములోంచి వీపుకు గాలి ఆడుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఫైళ్లు రాసిన వాళ్లకు ఆ సుఖం వేరే చెప్పనక్కరలేదు. ఊర్మిళా యూలీ చౌధురి వంటి మన ఆర్కిటెక్టులూ ఈ సామాను పనిలో పాలుపంచుకున్నారు. గీసిచ్చిన నమూనాను బట్టి రకరకాల వర్క్‌షాపుల వాళ్లు చేశారు గనుక ఏ రెండు కుర్చీలూ అచ్చంగా ఒక్కలా ఉండవు.

తరువాతి కథ మనకు తెలిసిందే. పేము తెగింది, గోద్రెజ్ ఇనుప కుర్చీలొచ్చాయి, పాతవి మేడమీద పోగుపడ్డాయి, వేలంలో తుక్కు ధరకు పోయాయి. విదేశీ వ్యాపారులు కొని బాగుచేసి యూరపు, అమెరికాల్లో లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. 2011లో కేంద్ర హోంశాఖ ఆ అమ్మకాలు ఆపమని ఉత్తర్వులిచ్చేసరికి పోవలసినవి చాలావరకు పోయాయి.

ఎవరినో తప్పు పట్టే అర్హత నాకు లేదు. 1986లో మా ఆఫీసులో 17 పేము కుర్చీలకు 'నిరుపయోగం' అని జాబితా రాసింది నేనే. అవి జన్నరేవి కావు, మన ఊరి వడ్రంగి చేసినవి. మా ముసలి అటెండరు, "చట్రం రాయిలా ఉందండీ, పేము అల్లిస్తే చాలండీ" అన్నాడు. మరమ్మతుకు పద్దు లేదు, కొత్తవి కొనడానికి ఉంది. అదే చెప్పి సంతకం పెట్టాను. పదిహేడూ కలిపి 340 రూపాయలకు పోయాయి.

2019లో అల్లుడికి చండీగఢ్ బదిలీ అయితే వెళ్లాను. సెక్టారు 5లో జన్నరే ఉన్న ఇల్లు 2017 నుంచి మ్యూజియం. అక్కడి కుర్చీ ముందు చాలాసేపు నిలబడ్డాను. మోకాళ్లు నొప్పి పుట్టి కూర్చోబోతే కాపలా మనిషి వద్దన్నాడు. ఆయన డ్యూటీ ఆయనది. జన్నరే 1967లో జెనీవాలో పోతే, కోరిక ప్రకారం అస్థికలు ఇక్కడి సుఖ్నా చెరువులో కలిపారని అమ్మాయి చెప్పింది.

తిరిగి వచ్చాక మా అటెండరు ఇంటికి వెళ్లాను. ఆయన పోయి చాలా కాలమైంది. కొడుకు అరుగు మీద కుర్చీ వేసి, "కూర్చోండి బాబూ" అన్నాడు. కొత్తగా అల్లిన పేము. వేలంలో నాన్న కొన్నదట. వెనక పట్టీ మీద తెల్ల పెయింటుతో స్టాక్ రిజిస్టరు నెంబరు ఇంకా ఉంది, నా దస్తూరీతోనే.