సమోవా నుంచి పుట్టింటికి

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే మన వైపు అమ్మలూ నాన్నలూ చాలామంది గ్రూపుగా ఎల్లోస్టోన్ చూడడానికి బయల్దేరుతారు. దారిలో సాల్ట్ లేక్ సిటీలో దిగి, మార్మన్ల పెద్ద గుడి ముందు ఫొటోలు తీసుకుంటారు. 1853లో పునాది వేసి 1893లో ప్రారంభించిన రాతి కట్టడం అది. ఆ గుడిలోకి మామూలు రోజుల్లో సంఘం సభ్యులకే ప్రవేశం. ఆదివారం ఆరాధన మాత్రం ఊరూరా ఉండే చిన్న మందిరాల్లో జరుగుతుంది, వాటిలోకి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. అలా పరాయి దేశంలో ఆ సంఘంలో చేరిన ఒక తెలుగు జంట వల్ల ఆ మతం హైదరాబాదులో కొన్ని ఇళ్ళకు వచ్చింది. ఆ సంగతే ఈసారి చెబుతాను.

మార్మన్లు క్రైస్తవుల్లో వేరే శాఖ. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టాడు. బైబిలుతో పాటు మార్మన్ గ్రంథాన్ని కూడా దైవవాక్యంగా నమ్ముతారు. మిగతా సంఘాలవాళ్ళకి వాళ్ళతో పేచీ అక్కడే. ఒకప్పుడు బహుభార్యాత్వం ఉండేది, 1890లో మానుకుంటున్నట్టు ప్రకటించారు.

వాళ్ళ ప్రచారకులు మన దేశానికి 1850ల్లోనే వచ్చారు. 1853లో ముగ్గురు మద్రాసులో దిగారు. ఇంగ్లీషులోనే బోధించారు, ఎక్కువగా అక్కడి తెల్లవాళ్ళకీ సిపాయిలకీ. కొద్దికాలానికే ఓడ ఎక్కి వెళ్ళిపోయారు. వాళ్ళు వేసిన విత్తనం పెద్దగా మొలకెత్తలేదు.

మన గోదావరి వైపు అంతకుముందే ఇంకోలా జరిగింది. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా వచ్చారు. పాలకొల్లు, నరసాపురం ప్రాంతంలో కాపురాలు పెట్టి, తెలుగు నేర్చుకుని, ఇక్కడే ఉండిపోయారు. బ్రదరన్ సంఘాలు మన వైపు ఇప్పటికీ ఉన్నాయంటే మొదలు అదే. తాడేపల్లిగూడెంలో కుదిరిన సంబంధం సంగతి ఏలూరు మేనత్తకి సాయంత్రానికల్లా ఎలా తెలుస్తుందో మనకి తెలుసు కదా! ఏ మాటైనా ఇల్లూ వాకిలీ పట్టుకునే ప్రయాణం చేస్తుంది.

మార్మన్ల మాట కూడా చివరికి ఆ దారినే వచ్చింది. ఎడ్విన్ ధర్మరాజు గారు కీటక శాస్త్రవేత్త. 1970ల్లో ఆయన, భార్య ఎల్సీ గారు పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల్లో ఉండేవారు. అక్కడే ఆ సంఘంలో చేరారు. హైదరాబాదులో ఉన్న తమవాళ్ళ దగ్గరికి ప్రచారకుల్ని పంపమని పెద్దల్ని అడిగారు. పెద్దలు ఆ పని వాళ్ళిద్దరికే అప్పగించారు. 1978 డిసెంబరులో వాళ్ళు హైదరాబాదు వచ్చారు. బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఎల్సీ గారి తండ్రి శ్రీనివాసం గారు పేరున్న బాప్టిస్టు బోధకుడు. ఒక పాస్టరు గారి కూతురు వేరే సంఘం పట్టుకుని పుట్టింటికి వస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో మనం ఊహించగలం. కోడలు అత్తవారి చర్చికి మారితేనే మన ఇళ్ళలో ఏళ్ళ తరబడి మాటలుండవు. కానీ మార్మన్ గ్రంథాన్ని తెలుగు చేయమని అడిగింది ఆ తండ్రినే. అందులోని కొన్ని భాగాలు 1982లో తెలుగులో అచ్చయ్యాయి.

ఇలాంటి చిన్న సంఘంలో ఆదివారం ఎలా ఉంటుందంటే, జీతం తీసుకునే పాస్టరు ఉండడు. వారమంతా ఉద్యోగం చేసుకునే మనిషే ఆదివారం పెద్దగా కూర్చుంటాడు. కొల్లేటి లంకల్లో చిన్న ప్రార్థన కూటాలు చూసినవాళ్ళకి ఇది మరీ కొత్తగా అనిపించదు. ద్రాక్షారసం బదులు రొట్టెతో పాటు నీళ్ళు ఇస్తారు. కాఫీ, టీ ముట్టరు. కానుకల పళ్ళెం తిప్పరు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం ఉండి, ఆ మిగిలిన తిండి ఖర్చు పేదలకిస్తారు. యాజకత్వం మగవాళ్ళదే అయినా, ఆడవాళ్ళు లేచి ప్రసంగిస్తారు, అందరి ముందూ ప్రార్థన చేస్తారు. స్త్రీల కోసం 1842లోనే వేరుగా సమాజం పెట్టుకున్నారు. పది ఇళ్ళవాళ్ళే ఉన్నచోట ఒక్క మనిషి రాకపోయినా వెలితి తెలుస్తుంది. పాట ఎత్తుకోవడానికీ, పిల్లలకి పాఠం చెప్పడానికీ అందరూ కావాలి మరి.

2012లో హైదరాబాదులో ఆ సంఘానికి మన దేశంలోనే మొదటి స్టేక్ ఏర్పడింది. స్టేక్ అంటే అనేక చిన్న సంఘాలు కలిసిన పెద్ద విభాగం. 2018లో బెంగళూరుకు గుడి ప్రకటించారు.

ఆ నమ్మకాలు మనకి నచ్చాలని లేదు. నాకు ఈ కథలో ఆసక్తిగా అనిపించింది ఇంటి సంగతి. మన అమ్మాయిలు ఇప్పుడు డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో, దుబాయిలో ఉంటున్నారు. ఆదివారాలు ఎవరి మధ్య గడుపుతారో, ఏ అలవాటు చేసుకుంటారో మన చేతుల్లో లేదు. సెలవులకి వచ్చినప్పుడు "అక్కడ ఎవరితో ఉంటున్నావు, ఏం నచ్చింది?" అని అడిగి, వాళ్ళు చెప్పేది చివరిదాకా వినడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. మందలించడానికి తర్వాత బోలెడు టైముంటుంది.