నూనె చెప్పు సాక్ష్యము

చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాసులకు ఆర్టీసీ చౌరస్తా నిత్యపరిచితము. ఆ సంస్థకు మూలము 1932 జూనులో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో ఆరంభించిన రోడ్డు రవాణా శాఖ. ఇంజను జబ్బును వాడిన నూనెలో వెదకు పద్ధతి కూడ రైల్వేలలోనే వేళ్లూనినది. 1946లో అమెరికాలోని డెన్వర్-రియో గ్రాండ్ రైల్వేవారు నూనెను వర్ణపట పరీక్షకు పెట్టి, అందలి లోహపు జాడలనుబట్టి డీజిల్ ఇంజను అరుగుదలను విప్పకయే పసిగట్టిరి.

2014లో తయారీ నిలిచిన అంబాసిడర్ వంటి పాతకారునకు ప్రయోగశాల దాక పోనక్కరలేదు. డిప్‌స్టిక్కు తీసి చూచిన చాలును. నూనె నల్లబడుట ఒక్కటే దోషము కాదు. మసిని తనలో పట్టియుంచుట దాని విధి. నూనె మట్టము పెరిగి, పలుచబడి, పెట్రోలు వాసన వేసినచో పెట్రోలు పంపులోని పొర చిరిగియుండవచ్చును. మజ్జిగవలె తెల్లబడినచో నీరు చేరినదన్నమాట.

ఆ నీరు ఎక్కడిది? లీటరు పెట్రోలు మండినపుడు దాదాపు లీటరు నీరు పుట్టును. నారాయణగూడ దాక మాత్రమే పోయివచ్చు కారులో ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోనికి దిగిన కొద్దిపాటి ఆవిరి నూనెమూత క్రింద నురుగై నిలుచును. డిప్‌స్టిక్కు శుభ్రముగా నుండి, దూరప్రయాణముతో ఆ నురుగు పోయినచో భయము లేదు. డిప్‌స్టిక్కుపైననే తెలుపు కనబడి, రేడియేటరు నీరు తరుగుచున్నచో హెడ్డు గాస్కెట్టును అనుమానింపవలెను. అట్టి కారును నడిపిన బేరింగులు చెడును.

ఈ తేడా నెరుగక ఊరక ఇంజను విప్పించువాడును, విప్పవలసినపుడు నూనె మాత్రము మార్చువాడును, ఇద్దరును నష్టపోవుదురు.