లెక్క ఒప్పగించినవారే అర్హులు

తమిళనాడున తిరువళ్ళూరు జిల్లాలో, తిరుత్తణికి పడమట, ఆర్.కె.పేట యను ఊరు కలదు. పూర్తి పేరు రామకృష్ణరాజుపేట. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పము, పళ్ళిపట్టు మొదలగు ఇరుగుపొరుగు ఊళ్ళవలెనే ఇదియు మగ్గముల చప్పుడు నెరిగిన ప్రాంతము. 1960 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశమున చిత్తూరు జిల్లాలో నుండెను. 1959 నాటి సరిహద్దుల సవరణ చట్టము ననుసరించి ఆ తేదీన అది నాటి మద్రాసు రాష్ట్రమున చేరినది. గీత జరిగినది; ఇండ్లు జరుగలేదు. ముందురోజు అధికసంఖ్యాకులుగా నిద్రించినవారు మరునాడు అల్పసంఖ్యాకులుగా మేల్కొనిరి. అది మొదలు మన భాష బ్రతుకు ప్రభుత్వ కార్యాలయములకంటె మన సంఘములమీదనే ఎక్కువగా ఆధారపడినది. సంఘము నడచునా లేదా యనునది దాని కార్యవర్గమునకు నిలుచువారి మీద ఆధారపడును. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఆ నిలుచుటను గూర్చియే. అయితే దానికి మేమెన్నుకొన్న ఉదాహరణము కొంత క్రొత్తది.

2006లో తమిళనాడు ప్రభుత్వము పాఠశాలలలో తమిళమును తప్పనిసరి భాషగా జేయు చట్టమును దెచ్చెను. నాటి నుండి మన ఇండ్ల బిడ్డలు పెక్కుమంది తెలుగు మాటాడుదురు గాని, బడిలో తెలుగు అక్షరమును దిద్దరు. వారికి తెలుగు లిపి తారసపడు చోటు నేడు తరచుగా పలక గాదు, చేతిలోని ఫోను. ఆ ఫోనులో 'అ' యను అక్షరము కనబడుటకు వెనుక ఎందరి కృషియో యున్నది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినది. డాక్టరు తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు 'పోతన', 'వేమన' యను అక్షరరూపములను దయారించి అందరికిని ఉచితముగా నొసంగిరి. వెన్న నాగార్జున గారు 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిరి. పాత అక్షరరూపములలో చిక్కుకొన్న తెలుగును యూనికోడులోనికి మార్చు 'పద్మ' యను సాధనమును గూడ వారే నిర్మించిరి. 2005లో హైదరాబాదున ఏర్పడిన 'స్వేచ్ఛ' యను సంస్థ కంప్యూటరు నిర్వహణ వ్యవస్థనే తెలుగులోనికి దెచ్చుటకు పూనుకొనినది. ఆ పేరు సార్థకమైనది. ఆంగ్లమున ఒకే మాట 'ఉచితము', 'స్వేచ్ఛ' యను రెండర్థముల నిచ్చి తికమక పెట్టును. మన భాషకు ఆ చిక్కు లేదు.

ఓపెన్ సోర్స్ అనగా నేమి? నేతవారి మాటలలో జెప్పుదుము. ఒక చీరను అమ్ముట వేరు. ఆ చీర పడుగెట్లు పోసిరో, అంచు నెట్లు కట్టిరో, బుటా నెట్లు దీసిరో వ్రాసిన కాగితమును గూడ కొన్నవాని చేతిలో బెట్టుట వేరు. రెండవ విధమున ఇచ్చినచో, కొన్నవాడు తన మగ్గము మీద దానిని నేయవచ్చును, మార్చవచ్చును, తన పొరుగువానికి నేర్పవచ్చును. ప్రోగ్రాము మూలప్రతి నిట్లు బహిరంగముగా నిచ్చుటయే ఈ పద్ధతి. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఈ ఉద్యమమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండున విద్యార్థిగా నున్న లీనస్ టోర్వాల్డ్స్ 'లినక్స్' నారంభించెను. నేడు ఆండ్రాయిడ్ ఫోనులన్నిటికిని అడుగున నున్నది ఆ లినక్సే.

అందరి సొత్తునకు కాపలా ఎవరు? పేరును రిజిస్టరు చేయవలెను, విరాళములను స్వీకరించవలెను, ఒప్పందములపై సంతకము చేయవలెను, యంత్రములకు అద్దె కట్టవలెను. ఇందుకై లాభాపేక్ష లేని సంస్థ లేర్పడినవి: 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, 1998లో ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్, 1999లో అపాచీ, 2000లో గ్నోమ్, 2001లో పైథాన్, 2003లో వికీమీడియా ఫౌండేషన్. వీనిలో ప్రతిదానికిని ఒక పాలకమండలి గలదు. ఆ మండలివారు అక్కడ ప్రోగ్రాములు వ్రాయరు. లెక్కలు చూతురు, తగవులు తీర్తురు, సంస్థ పేరు చెడకుండ కాచుకొందురు. పేరుప్రతిష్ఠలకంటె కాగితముల పని ఎక్కువ.

పెక్కు సంస్థలలో ఈ మండలికి ఎన్నికలు జరుగును. నిలువగోరువాడు తన పేరు నిచ్చి, తానింతవరకు చేసిన పని యేమి, ఇకముందు చేయబోవున దేమి యను విషయములను వ్రాసి అందరి యెదుట నుంచవలెను. సభ్యులు ప్రశ్నింతురు, అతడు జవాబు చెప్పవలెను. వికీమీడియాలో ఓటుహక్కు ధనమును బట్టి రాదు. విజ్ఞానసర్వస్వమున నిర్ణీత సంఖ్యలో దిద్దుబాట్లు చేసినవారికి అది లభించును. పనిచేసిన చేతికే ఓటు. 2021 నాటి ఎన్నికలో అభ్యర్థులను వరుస క్రమమున సూచించి, మిగిలిన ఓటును తరువాతివానికి బదిలీ చేయు పద్ధతి నవలంబించిరి. 'డెబియన్' యను లినక్సు సమాజము ఏటేట తన నాయకుని నెన్నుకొనును. ఆ ఓటుపత్రముమీద 'వీరిలో ఎవ్వరును వద్దు' అను గడియు నుండును. మన దేశమున శాసనసభల ఎన్నికలకు అట్టి గడి 2013లో గాని రాలేదు.

ఇవి యన్నియు పాశ్చాత్యుల వింతలని తోచవచ్చును. కాని ఆర్.కె.పేటనుండి దక్షిణముగా బోయి కాంచీపురము జిల్లాలో ఉత్తరమేరూరు చేరినచో అక్కడి వైకుంఠపెరుమాళ్ కోవెల గోడలమీద ఇదే విషయము రాతిలో చెక్కబడి యున్నది. చోళరాజైన మొదటి పరాంతకుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలో వ్రాయించిన ఆ తమిళ శాసనములు గ్రామసభకు చెందిన వారియముల, అనగా ఉపసంఘముల, ఎన్నిక పద్ధతిని వివరించుచున్నవి. గ్రామమును ముప్పది వాడలుగా విభజించిరి. అర్హుల పేర్లను తాటియాకులపై వ్రాసి కుండలో వేసి, అక్షరమెరుగని బాలునిచే ఒక్కొక్కటి తీయించిరి. ఆ ఆకును మధ్యవర్తి ఐదు వ్రేళ్ళును చాచిన అరచేతితో నందుకొనవలెనట. పిడికిలిలో మరియొక ఆకు దాగియుండలేదని అందరికిని కనబడుటకే గదా ఆ నియమము! ఏటి సంఘమునకు పన్నిద్దరు, తోటల సంఘమునకు పన్నిద్దరు, చెరువు సంఘమునకు ఆరుగురు. పదవీకాలము మూడువందల అరువది దినములు.

అర్హతలను జూడుడు. 921 నాటి శాసనము ప్రకారము వయస్సు ముప్పదియైదునకు పైబడి డెబ్బదికి లోబడి యుండవలెను. పన్ను కట్టు భూమియు, స్వంత స్థలమున ఇల్లును, వేదజ్ఞానమును ఉండవలెను. గడచిన మూడేండ్లలో వారియమున నున్నవాడు మరల తగడు. వీనన్నిటికంటె మాకు ముఖ్యముగా తోచినది మరియొకటి: పూర్వము వారియమున నుండి లెక్క ఒప్పగింపనివాడు అనర్హుడు, అంతేగాదు, అతని దగ్గర చుట్టములును అనర్హులు. బావమరదిని ముందు నిలిపి వెనుకనుండి నడుపు ఉపాయము వేయేండ్ల క్రిందటనే పెద్దలకు తెలిసియుండెను కాబోలు.

ఆ సభ నేటి అర్థమున ప్రజాస్వామ్యము గాదని గూడ మేము చెప్పవలసియున్నది. అది బ్రాహ్మణుల అగ్రహారపు సభ. స్త్రీలకు, భూమి లేనివారికి, ఇతర కులములవారికి అందు స్థానము లేదు. నేసినవాని పేరు ఆ కుండలో పడలేదు. అయినను 'లెక్క చెప్పనివాడు మరల నిలువరాదు' అను మాట ఏ కులమునకు, ఏ కాలమునకైనను చెల్లును.

నేసినవాని పేరు పత్రమున కెక్కుటకు దారి తీసిన చట్టము మన ముంగిటనే తొలిసారి ఫలించినది. మద్రాసు ప్రభుత్వాధికారి ఫ్రెడరిక్ నికల్సన్ జర్మనీలో రైఫైజన్ నెలకొల్పిన గ్రామ పరపతి సంఘములను పరిశీలించి, 1895, 1897 సంవత్సరములలో తన నివేదికను రెండు భాగములుగా సమర్పించెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఆ యేడే నేటి తిరువళ్ళూరు జిల్లాలోని తిరూరున సహకార పరపతి సంఘము రిజిస్టరైనది. దేశమున ఆ చట్టము క్రింద రిజిస్టరైన మొదటి వ్యవసాయ పరపతి సంఘము అదియే. అపరిమిత బాధ్యత గల అట్టి గ్రామ సంఘమున పెట్టుబడి యెంతయైనను సభ్యునికి ఒక్కటే ఓటు. 1935లో చేనేతవారికై మద్రాసు రాష్ట్రస్థాయి సహకార సంఘ మేర్పడినది. దానినే నేడు కో-ఆప్టెక్స్ అందురు. కనుక నేతవాడల పెద్దలకు సంఘపు ఓటు తెలియనిది గాదు. నూలు పంపకము దగ్గర తూకము సరిగా లేకున్న ఏమగునో, డైరెక్టరు పుస్తకము చూపకున్న ఏమగునో వారికి చక్కగ తెలియును.

నియమములు ముందుగా గోడపై చెక్కియుండుట ఎందుకవసరమో 2025లో ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఎన్నికలలో మరల కనబడినది. నామనిర్దేశపు గడువు ఏ దేశపు గడియారము ననుసరించి ముగియును అను విషయమున ఒక అభ్యర్థికిని సంస్థకును భేదాభిప్రాయము కలిగి, ఆ అభ్యర్థిత్వము చెల్లకపోయెను. ఓటింగు ముగిసిన పిదప, మండలి సభ్యుల ఒప్పందముపై ఉన్నదున్నట్లు సంతకము చేయలేదని మరి ఇద్దరిని ఫలితములనుండి తొలగించిరి. సంస్థ తన నియమమును తాను పాటించితి ననినది. సభ్యులలో పలువురు ఆ నియమము తమకు ముందుగా స్పష్టముగా తెలుపబడలేదనిరి. ఎవరి పక్షమున న్యాయమున్నను, నష్టపడినది నమ్మకము. చాచిన అరచేయి కనబడవలెనను ఉత్తరమేరూరు వారి జాగ్రత్త యిక్కడ గుర్తునకు రాక మానదు.

తెలుగువారికి ఇంకను దగ్గరి పాఠ మొకటి గలదు. 2011 జనవరిలో బెంగుళూరున వికీమీడియా ఇండియా యను సంఘము రిజిస్టరైనది. దానికి స్థాపకాధ్యక్షులు తెలుగు వికీపీడియాలో కృషిచేసిన అర్జునరావు చవల గారు. దేశభాషలన్నిటి వికీపీడియాలకును అండగా నుండు సంఘమునకు ఒక తెలుగువారు మొదట నిలిచిరనుట మనకు సంతోషకరము. కాని కొన్నేండ్లకు ఆ సంఘమునకు చిక్కులు వచ్చినవి. నిధులను స్వీకరించుటకు వలసిన చట్టబద్ధమైన అనుమతులు సమకూరలేదు. 2019 సెప్టెంబరులో ఫౌండేషను తన శాఖగా దానికిచ్చిన గుర్తింపును ఉపసంహరించినది. వ్యాసములు వ్రాయువారు అప్పుడును వ్రాయుచునే యుండిరి. లోపించినది అక్షరము గాదు, దస్తావేజు. సంస్థ బ్రతుకు ఉత్సాహముతో ఆరంభమగును. అనుమతులతో, నివేదికలతో నిలుచును. ఆ విసుగు పుట్టించు పనికి సంవత్సరము తరువాత సంవత్సరము ఎవరో ఒకరు నిలువవలెను.

మేమును ఒకప్పుడొక చిన్న సంఘమున కార్యవర్గమునకు నిలిచితిమి. ఏ ఊరిదో, ఏ సంఘమో యిక్కడ చెప్పనక్కరలేదు. పోటీ లేదు; పెద్దలు పిలిచిరి, గౌరవమని ఒప్పుకొంటిమి. రెండేండ్లు వేదికపై దండలు వేయించుకొంటిమి. మూడవయేట ఒక వృద్ధుడు సభలో లేచి, 'నాయనా, గ్రంథాలయమునకని మా వీధివారము ఇచ్చిన సొమ్మెంత, కొన్న పుస్తకము లెన్ని?' అని యడిగెను. మా యొద్ద జవాబు లేదు. సొమ్మును ఎవరును తినలేదు, వ్రాసియుంచలేదు, అంతే. కాని ఆ దినము మేము తలవంచుకొని కూర్చుంటిమి. ఆ మరుసటి ఏడు చందా లిచ్చువారు సగమైరి. పుస్తకములను ఒకరి ఇంటి అటకపై కెక్కించిరి. పదవి గౌరవము గాదు, బాకీ యని మాకు తెలిసినది అప్పుడే.

కావున నిలుచువానిని మూడు ప్రశ్న లడుగవలెనని మా విన్నపము. ఇంతవరకు ఏ పని చేసితివి? నీకు జీతమిచ్చువారికిని సంస్థకును పేచీ వచ్చినచో ఎవరి పక్షమున నిలుతువు? దిగిపోవునాడు లెక్కను ఏ రూపమున ఒప్పగింతువు? సాఫ్ట్‌వేరు సంస్థలలో రెండవ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. పెద్ద కంపెనీల ఉద్యోగులు మండలులలో నుందురు. ఒకే కంపెనీవారు మండలిని నింపకుండ పైథాన్, గ్నోమ్ వంటి సంస్థలు పరిమితిని విధించుకొన్నవి. చుట్టములను వారించిన పాత శాసనపు ఆలోచనకు ఇది క్రొత్త రూపము.

ఇక మన ఇండ్ల మాట. తిరుత్తణి, ఆర్.కె.పేట ప్రాంతములనుండి చదువుకొన్న యువతీయువకులు చెన్నపట్టణమునను, బెంగుళూరునను, అంతకు దూరదేశములలోను కంప్యూటరు పనులలో నున్నారు. వారు వాడు పరికరములలో సగము ఇట్టి ఉమ్మడి సొత్తే. ఆ సంస్థలలో సభ్యులగుట కష్టము గాదు. పని చేసినచో చాలును. అయినను మనవారు నిలుచుటకు జంకుదురు. అల్పసంఖ్యాకుల ఇండ్లలో 'మనకెందుకు, పెద్దవారు చూచుకొందురు' అను మాట ఒక అలవాటు. ఆ మాట వలన బడిలో తెలుగు తరగతి పోయినప్పుడు అడుగువారు లేకపోయిరి. ఫోనులోని తెలుగు అక్షరము పాడైననాడు అడుగుటకు ఆ బల్ల దగ్గర మనవారొకరు కూర్చుండియుండవలెను. తమిళులు, కన్నడిగులు, మలయాళీలు గూడ అదే బల్ల దగ్గర మనకు తోడు. వారి అక్షరమునకు వచ్చిన చిక్కే మనదియు.

గెలుపు తప్పనిసరి గాదు. నిలిచి, ప్రశ్నలకు జవాబిచ్చి, ఓడినవాడును సంస్థకు మేలే చేయును. ఏలయన గెలిచినవాడు ఆ ప్రశ్నలను మరువలేడు. ఈ సంచికను చదువు తలిదండ్రులు తమ బిడ్డలను ఈ యేడు ఏదో ఒక సంఘమునకు, అది ఊరి గ్రంథాలయమైనను సరే, ప్రపంచపు ఫౌండేషనైనను సరే, నిలువుమని ప్రోత్సహింపవలెనని మా కోరిక. నిలుచుటకు ముందు వారికొక లెక్కల పుస్తకమును కొనియిండు. దాని మొదటి పుటను తెలుగులో వ్రాయుమనుడు.