జెరూసలేం తరగతి, కొత్తరెడ్డిపాలెం పిల్లలు

జెరూసలేం. 1882 ప్రాంతం. ఊపిరితిత్తుల్లో క్షయ ఉన్న ఒక యువకుడు ‘అలయన్స్’ అనే యూదు సంస్థ నడిపే బడిలో పాఠం మొదలుపెట్టాడు. ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఒకరింట్లో అరబ్బీ, ఇంకొకరింట్లో లాదీనో, మరొకరింట్లో యిడ్డిష్. అందరూ యూదులే, అందరికీ కలిసిన మాట లేదు. మాస్టారు బల్ల చూపించి దాని పేరు హీబ్రూలో చెప్పాడు. కిటికీ చూపించి దాని పేరు చెప్పాడు. ఏ ఇంటి భాషలోకీ అనువాదం లేదు. అర్థం కాకపోతే సైగ, మళ్లీ హీబ్రూ.

ఆయన ఎలియెజర్ బెన్ యెహూదా. హీబ్రూను హీబ్రూలోనే నేర్పే ఆ పద్ధతికి అండగా నిలిచినవాడు ప్రధానోపాధ్యాయుడు నిస్సీం బెహార్. కొన్ని నెలలకే దగ్గు ముదిరి బెన్ యెహూదా బడి మానేయాల్సి వచ్చింది. పద్ధతి మాత్రం ఆగలేదు.

అది ఎంత పెద్ద తిరుగుబాటో తెలియాలంటే తూర్పు ఐరోపాలోని ‘ఖెదెర్’ అనే యూదుల వీధిబడిలోకి తొంగిచూడాలి. పంతులుగారి ఇంట్లోనే ఒక గది, చేతిలో బెత్తం. మూడు నాలుగేళ్లకే మగపిల్లలు అక్షరాలు దిద్దేవారు. తర్వాత లేవీయకాండం! బలుల నియమాలు, శుద్ధి నియమాలు. ఒక్కో హీబ్రూ మాట చదవడం, దాని యిడ్డిష్ అర్థం రాగం తీసి చెప్పడం. మన వీధిబడిలో అమరకోశం వల్లె వేయించినట్టే. ప్రార్థన గడగడా చదివే కుర్రాడికి అదే భాషలో మంచినీళ్లు అడగడం రాదు. ఆడపిల్లలకైతే ఆ గడప దాటే అవకాశమే చాలా అరుదు. పేదింటి పిల్లలకు సైతం చదవడం నేర్పిన ఘనత ఖెదెర్‌ది, దాన్ని తీసిపారేయలేం. కానీ పసివాడి నోటికి తాళం వేసిందీ అదే.

తాళం ఒక్క రోజులో తెరుచుకోలేదు. 1886లో పాలస్తీనాలోని రిషోన్ లెజియోన్ గ్రామంలో హీబ్రూ మాధ్యమంలో బడి పెట్టారు. 1898లో అక్కడే శిశు పాఠశాల. 1901లో ఇట్స్‌హాక్ ఎప్‌స్టైన్ ఈ పద్ధతిపై వాచకం తెచ్చారు. 1903లో హీబ్రూ ఉపాధ్యాయుల సంఘం ఏర్పడింది. రష్యా సామ్రాజ్యంలో ‘సంస్కరించిన ఖెదెర్’లు వచ్చాయి: నల్లబల్ల, తరగతులు, వ్యాకరణం, కొన్నిచోట్ల ఆడపిల్లలు కూడా. బొమ్మకూ ఐస్‌క్రీముకూ కొత్త మాటలు పుట్టాయి. పవిత్ర భాషను సంతకు లాగుతున్నాడని జెరూసలేం ఛాందసులు బెన్ యెహూదాను వెలివేశారు.

ఆయన ఇంట్లో జరిగింది వింటే గుండె బరువెక్కుతుంది. కొడుకు ఈతమార్‌కు హీబ్రూ తప్ప వేరే మాట వినపడకూడదని నియమం. పిల్లవాడికి చాలాకాలం మాటే రాలేదు. ఒకరోజు తల్లి రష్యన్ జోలపాట పాడుతుంటే తండ్రి మండిపడ్డాడని, ఆ గొడవలోనే తన నోట ‘అబ్బా’ అనే పిలుపు వచ్చిందని ఈతమార్ పెద్దయ్యాక రాసుకున్నాడు. హీబ్రూలో అది నాన్నను పిలిచే మాట. పసివాడిపై అంత కాఠిన్యాన్ని నేను సమర్థించలేను. కానీ తర్వాతి తరం పిల్లలు వీధిలో ఆడుకున్నది ఆ భాషలోనే.

తెలుగువాళ్లకు ఇది పరాయి కథ కాదు. 20వ శతాబ్దం తొలి దశకంలో పాఠశాలల ఇన్‌స్పెక్టర్ యేట్స్, విశాఖలో పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఇంగ్లీషును నేరుగా ఇంగ్లీషులో నేర్పే పద్ధతికి పూనుకున్నారు. బడి తెలుగు ఇంటి తెలుగులా ఎందుకు లేదన్న ప్రశ్న అప్పుడే లేచింది. గిడుగు, గురజాడ దాన్ని ఉద్యమం చేశారు.

ఇక మన దగ్గరి మాట. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో గుంటూరు బస్సెక్కి, వారధి దాటి, నాగార్జున విశ్వవిద్యాలయం మీదుగా గుంటూరు చేరి, పొన్నూరు రోడ్డు పట్టుకుంటే చేబ్రోలు వస్తుంది. ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెం. 1990ల మొదట్లో షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు అక్కడ యూదుల ప్రార్థనాలయం పెట్టారు. ప్రాచీన ఇజ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం తమదని చెప్పే ఇక్కడి బెనె ఎఫ్రాయిం కుటుంబాలు మాదిగ కుటుంబాలు. ఒకప్పుడు క్రైస్తవులు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. సబ్బాతు ప్రార్థనలో తెలుగు, హీబ్రూ కలిసి వినిపిస్తాయి. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై పరిశోధించి 2013లో పుస్తకం వెలువరించారు.

ఈశాన్య భారతంలో ఇలాగే ఇజ్రాయేలు గోత్రం తమదని చెప్పే బ్నెయ్ మెనాషెలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తించారు. మనవాళ్లకు అలాంటి గుర్తింపు రాలేదు. వంశం గురించి వాదించేవాళ్లు వాదించుకోనీ. చదువుకోవాలన్న పిల్లను ముందు వంశపత్రం అడగడం అన్యాయం. కూలి డబ్బుతో గడిచే ఇళ్లు అవి. వారానికోసారి ప్రార్థనలో వినే భాష నోట నిలవాలంటే అర్థమయ్యే పాఠాలు కావాలి, ఓపికున్న గురువులు కావాలి.

నాగార్జున విశ్వవిద్యాలయంలోనూ విజయవాడ, గుంటూరు కళాశాలల్లోనూ భాషలు బోధించే పెద్దలారా, తెలుగు పిల్లల కోసం బొమ్మలతో, వాడుక మాటలతో ఒక మంచి హీబ్రూ వాచకం తయారు చేయండి. అందులో కొత్తరెడ్డిపాలెం వాళ్లనూ భాగస్వాములను చేయండి.