రెండోసారి కనబడ్డ టేపు

నిక్సన్ అధ్యక్ష పదవి ఎలా ఊడిందయ్యా అంటే, మనలో చాలామంది వాషింగ్టన్ పోస్ట్ విలేఖరులు వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్‌ల పేర్లు చెబుతారు. వాళ్ళ గొప్ప వాళ్ళదే, కాదనను. కానీ ఆ కథలో మొదటి లైను రాసింది విలేఖరి కాదు. వారానికి 80 డాలర్ల జీతం మీద పనిచేసే ఓ సెక్యూరిటీ గార్డు. పేరు ఫ్రాంక్ విల్స్, అప్పటికి 24 ఏళ్ళు. రాసింది కూడా పేపర్లో కాదు, కాపలావాళ్ళ లాగ్‌బుక్కులో!

1972 జూన్ 17, అర్ధరాత్రి దాటింది. వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ ఆఫీసు భవనంలో విల్స్‌కి నైట్ డ్యూటీ. ఆరో అంతస్తులో డెమొక్రాటిక్ పార్టీ జాతీయ కార్యాలయం. రౌండ్లకి బయల్దేరిన విల్స్‌కి కింద కార్ల గ్యారేజీ దగ్గర తలుపు గడియ మీద టేపు కనబడింది. అలా అంటిస్తే గడియ నాలుక లోపలికే నొక్కుకుని ఉంటుంది. తలుపు మూసినట్టే కనిపిస్తుంది గానీ తాళం పడదు. పనివాళ్ళెవరో మాటిమాటికీ తాళం తీసుకోలేక అంటించి ఉంటారనుకుని, పీకేసి వెళ్ళిపోయాడు.

అక్కడితో ఊరుకుంటే వాటర్‌గేట్ అన్న మాటే మనకి తెలిసేది కాదేమో. కొంతసేపయ్యాక మళ్ళీ అదే తలుపు చూశాడు. మళ్ళీ టేపు!

కిటుకంతా ఇక్కడే ఉంది. మొదటిసారి కనబడ్డ టేపుకి అమాయకమైన కారణాలు వంద చెప్పుకోవచ్చు. పీకేసిన టేపు తిరిగొచ్చిందంటే మాత్రం, రెండు రౌండ్ల మధ్యలో ఎవరో ఆ తలుపు వాడారన్నమాట. బహుశా ఇంకా లోపలే ఉన్నారు. మన భాషలో చెప్పాలంటే విల్స్ చేసింది డిఫ్. అలాగని తనే హీరోలా పైకి పరిగెత్తలేదు. పోలీసుల్ని పిలిచాడు, ఆ సంగతి టైము వేసి మరీ లాగ్‌బుక్కులో రాశాడు: 1:47. ఆ లాగ్ ఇప్పుడు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది.

మఫ్టీలో వచ్చిన పోలీసులు ఆరో అంతస్తులో ఐదుగుర్ని పట్టుకున్నారు. వాళ్ళలో జేమ్స్ మెకార్డ్ మాజీ సీఐఏ ఉద్యోగి, పైగా నిక్సన్ ఎన్నికల కమిటీకి సెక్యూరిటీ చూసే మనిషి! ఈ ముఠాయే మే నెలాఖరులో ఒకసారి లోపలికి దూరి, ఫోన్లు వినే పరికరాలు పెట్టి వెళ్ళింది. అప్పుడూ తాళాలున్నాయి. ఎవరికీ తెలియలేదు. 1974 ఆగస్టు 9న నిక్సన్ దిగిపోయాడు.

తాళం, కార్డు, గేటు - ఇవన్నీ యాక్సెస్ కంట్రోల్. ఎవర్ని రానివ్వాలో చెబుతాయి. తాళానికి తను పడలేదన్న సంగతి తెలీదు. అది కనిపెట్టడానికే గస్తీ. గార్డు నిజంగా తిరిగాడో లేదో తేల్చడానికి పూర్వం వాచ్‌మన్ గడియారాలుండేవి. ఒక్కోచోట గొలుసుతో కట్టిన తాళంచెవిని ఆ గడియారంలో పెట్టి తిప్పితే లోపలి కాగితం మీద గుర్తు పడేది. ఇప్పుడు ఆ పని ఎలక్ట్రానిక్ ట్యాగులు చేస్తున్నాయి. కానీ పాతదైనా కొత్తదైనా అది చెప్పేది కాళ్ళ సంగతే, కళ్ళ సంగతి కాదు. చూడటం, అనుమానించడం మనిషే చెయ్యాలి.

ఆ అనుమానాన్ని మనం ఎలా చూస్తున్నాం? కార్డు చూపించమంటే "రోజూ వస్తూనే ఉన్నా కదా" అని విసుక్కుంటాం. కాఫీకి వెళ్ళొచ్చేలోపు మూసుకోకుండా తలుపుకి కుర్చీ అడ్డం పెడతాం. వెనకాలే వచ్చేవాడికి మర్యాదకి తలుపు పట్టుకుంటాం. కుర్చీ తీసేసిన గార్డు మీద ఫెసిలిటీస్‌కి మెయిల్ కొట్టేవాళ్ళూ ఉన్నారు. ఒకసారి చివాట్లు తిన్నవాడు రెండోసారి ఆ తలుపు వైపు ఎందుకు చూస్తాడు చెప్పండి?

విల్స్‌కి ఏం ఒరిగింది? 1976లో వచ్చిన 'ఆల్ ద ప్రెసిడెంట్స్ మెన్' సినిమాలో తన పాత్ర తనే వేశాడు. నిలకడైన ఉద్యోగం మాత్రం దొరకలేదు. 1983లో ఒక జత బూట్లు దొంగిలించాడన్న కేసులో ఏడాది శిక్ష పడింది. 2000లో, 52వ ఏట, పేదరికంలోనే పోయాడు.

ఆయనకి మనం చెయ్యగలిగిందేమీ లేదు. మన గేటు దగ్గరున్నాయన కార్డు అడిగినప్పుడు మొహం చిట్లించకుండా చూపించడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఆయన అడిగేది మన మీద నమ్మకం లేక కాదు, రెండోసారి చూడటం ఆయన ఉద్యోగం కాబట్టి.