రోజెన్‌వాల్డ్ బడులు: దాత పద్దు, జనం పద్దు

దానం చేసినవాడి పేరు శిలాఫలకం మీద ఉంటుంది. మట్టి మోసినవాళ్ల పేర్లు ఉండవు. ఉద్యోగకాలమంతా రక్షణ శాఖ లెక్కలు చూసినవాణ్ణి కనుక నాకు శిలాఫలకాల కన్నా ఖాతా పుస్తకాల మీదే గురి. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి పిల్లల కోసం కట్టిన రోజెన్‌వాల్డ్ బడులకు అలాంటి ఖాతా ఒకటి ఉంది.

జూలియస్ రోజెన్‌వాల్డ్ జర్మనీ నుంచి వలస వచ్చిన యూదు దంపతుల కొడుకు. చికాగోలోని సియర్స్ రోబక్ కంపెనీకి అధిపతి అయ్యాడు. బానిసగా పుట్టి, అలబామాలో టస్కీగీ విద్యాసంస్థను నిలబెట్టిన బుకర్ టి. వాషింగ్టన్‌తో 1911లో పరిచయమైంది. 1912లో తన 50వ పుట్టినరోజు సందర్భంగా రోజెన్‌వాల్డ్ టస్కీగీకి 25,000 డాలర్లు ఇచ్చాడు. అందులో కొంత సొమ్ముతో ఆరు పల్లెబడులు కట్టి చూద్దామన్నాడు వాషింగ్టన్. 1932 నాటికి అవి 15 రాష్ట్రాల్లో 4,977 బడులయ్యాయి. ఉపాధ్యాయుల ఇళ్లు, పనిశాలలు కలిపితే 5,357 భవనాలు.

అప్పటి పరిస్థితి గుర్తుంచుకోవాలి. వేరువేరుగా ఉంచినా సమానంగా చూస్తే చాలని 1896లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వేరు చేయడం జరిగింది, సమానం మాత్రం జరగలేదు. నల్లవారూ పన్నులు కట్టారు. కానీ ఆ సొమ్ము పంచే స్కూలు బోర్డులు తెల్లవారివి. వాటిని ఎన్నుకునే ఓటును నల్లవారిలో అత్యధికులకు దక్కకుండా చేశారు. వాళ్ల పిల్లలు చర్చిల్లో, పాత కొట్టాల్లో చదువుకునేవారు.

ఇప్పుడు ఖాతా చూడండి. మొత్తం ఖర్చు సుమారు 2.84 కోట్ల డాలర్లు. ప్రభుత్వ పన్నుల నుంచి వచ్చింది 64 శాతం. రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది 15 శాతానికి కొంచెం ఎక్కువ. స్థానిక తెల్లవారి విరాళాలు 4 శాతం పైచిలుకు. నల్లవారు పోగుచేసింది 16 శాతం దాటింది, అంటే 47 లక్షల డాలర్లు. కోటీశ్వరుడి నిధి కన్నా కౌలు రైతులు, కూలీలు, చాకిరేవు పని చేసే ఆడవాళ్లు ఇచ్చిందే ఎక్కువ! కొన్నిచోట్ల బడి కోసమని విడిగా ఒక చెక్కలో పత్తి వేసి, ఆ పంట డబ్బు జమచేశారు.

నిధి పెట్టిన షరతు తెలివైనది. ఊరివాళ్లు తమ వాటా వేయాలి, బోర్డు కూడా వేసి బడిని నడపాలి. స్థలం, భవనం ప్రభుత్వ విద్యాశాఖ పేర రాసివ్వాలి. దాంతో, అంతవరకు నల్ల పిల్లల బడులకు చెయ్యి విదల్చని బోర్డులు ఖజానా తెరవక తప్పలేదు. కానీ ఇదే షరతుకు రెండో వైపు కూడా ఉంది. ఒకసారి పన్నుగా కట్టినవాళ్లే మళ్లీ చందాగా కట్టారు. కట్టుకున్న బడిని తమకు ఓటు లేని బోర్డు చేతిలో పెట్టారు.

ఇది జాతివివక్షకు ఎదురు తిరగకుండా సర్దుకుపోవడమే కదా? ఆ విమర్శలో నిజం ఉంది. వాషింగ్టన్ పద్ధతిని డుబాయిస్ ఆనాడే గట్టిగా ఖండించాడు. అయితే ఫలితాలు కూడా తూచాలి. ఈ బడులు దక్షిణాది పల్లెల్లో నల్ల, తెల్ల పిల్లల చదువుల మధ్య అంతరాన్ని చెప్పుకోదగినంత తగ్గించాయని 2011లో ఆరన్‌సన్, మజుందార్ అనే ఆర్థికవేత్తలు గణాంకాలతో చూపారు. ఈ నిధి తరువాత నల్లజాతి రచయితలకు, పరిశోధకులకు ఫెలోషిప్‌లిచ్చింది. డుబాయిస్‌కూ సాయం అందింది. కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు బొమ్మలతో చేసిన పరిశోధనకు కూడా అందింది. వేరు బడులు చెల్లవన్న 1954 నాటి బ్రౌన్ తీర్పు అధస్సూచికలో క్లార్క్ పరిశోధనా పత్రం ఉంది.

ఇంకొక సంగతి. శాశ్వత నిధులు రోజెన్‌వాల్డ్‌కు గిట్టవు. తాను పోయిన 25 ఏళ్లలోగా అసలుతో సహా ఖర్చుపెట్టేయాలన్నాడు. ఆయన 1932లో పోయాడు. 1948లో నిధి మూతపడింది. పుణ్యం మూటగట్టుకోవాలనుకునేవాడు ఇలా చేయడు.

రోజెన్‌వాల్డ్ గొప్ప దాతే, సందేహం లేదు. కానీ పన్ను కట్టిన పౌరుడి పిల్లకు బడి ఒకరి దయ వల్ల రావలసింది కాదు. ఏ ధర్మసంస్థ నివేదిక చదివినా దాత ఇచ్చిన అంకె దగ్గర ఆగకండి. లబ్ధిదారులని రాసినవాళ్లు ఎంత వేశారో, వాళ్లకు హక్కుగా రావలసింది ఎవరు ఎగ్గొట్టారో కూడా వెతకండి.