శిష్యుల పుస్తకాల్లో బతికిన లూట్

1517 ప్రాంతంలో వెనిస్‌లో విదాల్ అనే శిష్యుడు తన గురువు విన్సెంజో కాపిరోలా లూట్ అనే తీగల వాద్యం మీద వాయించే రచనలను ఒక పుస్తకంలోకి ఎక్కించాడు. అంతటితో ఆగలేదు. పేజీల అంచుల నిండా రంగుల్లో జంతువుల బొమ్మలు వేశాడు. ఎందుకు వేశాడో కూడా ముందుమాటలో రాసిపెట్టాడు: సంగీతం తెలియనివాళ్ల చేతిలో పడినా, బొమ్మలు బాగున్నాయనైనా ఈ పుస్తకాన్ని పారేయకుండా దాచుకుంటారని. ఆ యువకుడి లెక్క తప్పలేదు. కాపిరోలా లూట్ పుస్తకం ఇవాళ షికాగోలోని న్యూబెర్రీ లైబ్రరీలో భద్రంగా ఉంది.

ఆ జాగ్రత్త ఎంత అవసరమో తర్వాతి చరిత్ర చూస్తే తెలుస్తుంది. రెండు శతాబ్దాలకు పైగా ఐరోపా ఆస్థానాల్లో, ధనికుల ఇళ్లలో రాజ్యమేలిన లూట్ 18వ శతాబ్దం చివరికి దాదాపు అంతరించింది. కీబోర్డు వాద్యాలు దాని చోటును ఆక్రమించాయి. నేర్పేవాళ్లు పోయారు. గురువు చేతిని చూసి శిష్యుడు పట్టుకునే పాఠం తెగిపోయింది. మన దగ్గర వీణకు అలాంటి గతి పట్టి, వందేళ్ల తర్వాత ఎవరో అటక మీది పుస్తకాలు దించి వాయించడం మొదలుపెట్టాల్సి వస్తే ఏమవుతుంది? లూట్ విషయంలో అచ్చంగా అదే జరిగింది. ఆ పుస్తకాల్లో మహా విద్వాంసులు అచ్చువేసుకున్నవాటితో పాటు నేర్చుకునేవాళ్లు తమ కోసం రాసుకున్నవి చాలా ఉండటం ఈ కథలోని అసలు విశేషం.

లూట్ పూర్వికుడు అరబ్బుల ఊద్. మధ్యయుగాల్లో స్పెయిన్, సిసిలీల మీదుగా ఐరోపా చేరింది. వెనుక భాగం సన్నని చెక్క బద్దలను పక్కపక్కన అతికించి చేసిన బోలు. ఆ బద్దల మందం ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. ముందున్న పలక కూడా అంతే పలుచన, స్ప్రూస్ కలప. దాని మధ్యలో లతలు అల్లుకున్నట్టు చెక్కిన గుండ్రని జాలీ ఉంటుంది. బిరడాలుండే తల దాదాపు లంబకోణంలో వెనక్కి వాలి ఉంటుంది. తీగలు జంటలు జంటలుగా, గొర్రె పేగులతో చేసినవి. వీణకు మైనంలో కూర్చిన లోహపు మెట్లుంటాయి. లూట్‌కు మెట్లు కూడా పేగు తీగలే, మెడ చుట్టూ ముడివేసి కట్టేవి. అందుకే వాటిని కాస్త ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. చేతిలోకి తీసుకున్నవాళ్లు మొదట ఆశ్చర్యపోయేది దాని తేలికదనానికే.

15వ శతాబ్దం చివరిదాకా లూట్‌ను ఎక్కువగా పక్షి ఈకతో మీటేవారు. ఈకను వదిలి వేళ్లు వాడటం మొదలయ్యాక ఒకే వాద్యం మీద మూడు నాలుగు గొంతుల సంగీతం ఒకేసారి పలికించడం వీలైంది. ఆ సంగీతాన్ని రాసుకోవడానికే ట్యాబ్లేచర్ అనే లిపి పుట్టింది. ఫ్రెంచి, ఇంగ్లీషు పద్ధతిలో ఒక్కో గీత ఒక్కో తీగల జంట. గీత మీద ‘ఎ’ అక్షరముంటే వేలు పెట్టకుండా మీటాలి, ‘బి’ ఉంటే మొదటి మెట్టు, ‘సి’ ఉంటే రెండోది. ఇటలీవాళ్లు అక్షరాల బదులు అంకెలు వాడారు. కాల ప్రమాణాన్ని పైన చిన్న జెండాల్లాంటి గుర్తులు చెబుతాయి. ఏ స్వరం పలకాలన్నది ఈ లిపి చెప్పదు. వేలు ఎక్కడ పెట్టాలో చెబుతుంది.

వెనిస్‌లో ఒట్టావియానో పెట్రూచ్చి 1507లో ఫ్రాంచెస్కో స్పినచీనో రచనలను అచ్చువేశాడు. మొట్టమొదటి అచ్చు లూట్ పుస్తకం అదే. స్వరలిపి చదవలేనివాళ్లకోసమని అందులో ప్రత్యేకంగా ఒక నియమావళి చేర్చాడు. దానిలో ఒక సూచన నేటి విద్యార్థికి బంగారమంత విలువైనది. అంకె కింద చుక్క ఉంటే వేలితో పైకి మీటాలి, చుక్క లేకపోతే బొటనవేలితో కిందికి. కిందికి మీటింది బలంగా, పైకి మీటింది మెత్తగా పలుకుతుంది. అంటే ఆ చుక్కల్లో వేళ్ల క్రమంతో పాటు లయలోని ఒత్తిడి కూడా దాగి ఉంది. అయిదు వందల ఏళ్లనాటి చేతి కదలిక ఆ కాగితం మీద నిలిచిపోయింది.

లిపి చెప్పనివీ ఉన్నాయి. ఒక స్వరం ఎప్పుడు మొదలవుతుందో ట్యాబ్లేచర్ చూపుతుంది కానీ ఎంతసేపు నిలవాలో చూపదు. ఇక్కడే విదాల్ వంటి శిష్యులు అక్కరకొస్తారు. తప్పనిసరైతే తప్ప తీగ మీది వేలు తీయవద్దన్న గురువు మాటను అతను శ్రద్ధగా రాసుకున్నాడు. వేలు అలా నిలిపితేనే పై గొంతు, కింది గొంతు విడివిడిగా వినపడతాయి. మెట్లు తీగకు దాదాపు తగిలేంత దగ్గరగా ఉంటే హార్ప్ లాంటి ధ్వని వస్తుందనీ రాశాడు. ఇవాళ్టి గిటార్ చెవికి ఆ జుమ్మనే శబ్దం దోషంగా తోస్తుంది. కాపిరోలా దాన్ని కావాలనే కోరుకున్నాడు.

ఇంగ్లండుకు వస్తే జాన్ డౌలండ్ (1563–1626) పేరే ముందు చెప్పాలి. స్వదేశపు రాణి కొలువు దొరకక, 1598లో డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ ఆస్థానానికి వెళ్లాడు. అక్కడ ఏడాదికి 500 డేలర్ల జీతం. ఆ కొలువులో బాగా పెద్ద జీతగాళ్లలో అతనొకడు. సొంత రాజు దగ్గర చోటు దొరికేసరికి 1612 వచ్చింది. అంత పేరున్న విద్వాంసుడు అమ్మాయిలకు పాఠాలు చెప్పిన ఆనవాలు ఒక పుస్తకంలో మిగిలింది. మార్గరెట్ బోర్డ్ అనే యువతి 1620 దశకంలో నింపుకున్న లూట్ పుస్తకమది. కొన్నిచోట్ల డౌలండ్ చేతిరాతను పరిశోధకులు గుర్తించారు. ఆ పేజీలు చూస్తే అరచేతిలో గురువుగారు కనిపించినంత సంతోషం. ఎక్కడ స్వరాన్ని కదిలించాలో, ఎక్కడ పక్క స్వరం నుంచి జారాలో చెప్పే గమకాల గుర్తులు అందులో ధారాళంగా ఉన్నాయి. డౌలండ్ రచనలున్న అచ్చు పుస్తకాల్లో వీటికి కరువు. పాఠం చెప్పేటప్పుడు నోటితో చెప్పేవి అచ్చులోకి ఎక్కలేదు, విద్యార్థి పుస్తకంలోకి ఎక్కాయి.

సుమారు 1670లో మేరీ బర్వెల్ కూడా తన గురువు పాఠాలను అలాగే పొందికగా రాసుకుంది. వాద్యం పుట్టుక, తీగల ఎంపిక, కూర్చునే తీరు, చేతి భంగిమ అన్నీ అందులో ఉన్నాయి. ఆమె రాతప్రతి, మార్గరెట్ రాతప్రతి రెండూ లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌కు చేరాయి.

ఈ వాద్యంతో వేగడం ఆ రోజుల్లోనూ తేలిక కాదు. పేగు తీగ చెమ్మకు ఉబ్బుతుంది, ఎండకు శ్రుతి మారుతుంది, చెప్పకుండా తెగుతుంది. 1533లో హోల్బైన్ గీసిన ‘రాయబారులు’ చిత్రంలో లూట్‌కు తెగిన తీగ ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. 1676లో ‘మ్యూజిక్స్ మాన్యుమెంట్’ రాసిన థామస్ మేస్, పగటిపూట లూట్‌ను మంచం మీద దుప్పట్ల మధ్య దాచమని సలహా ఇచ్చాడు. అది అక్కడుండగా ఎవరూ మంచం మీద పడకుండా చూసుకోవాలనీ హెచ్చరించాడు. జర్మనీలో మాథెసోన్ 1713లో మరీ కటువుగా రాశాడు: 80 ఏళ్ల లూట్ వాద్యకారుడు అందులో 60 ఏళ్లు శ్రుతి చేయడానికే ఖర్చుపెట్టి ఉంటాడని. ఇది అన్యాయమైన మాట. ఇన్ని తిప్పలున్నా లూట్ వెలిగిన రోజుల్లో దానికి గిరాకీ ఏమాత్రం తగ్గలేదు. బొలోన్యాలో స్థిరపడిన లూట్ తయారీదారు లాక్స్ మాలర్ 1552లో చనిపోయేనాటికి అతని దగ్గర దాదాపు 1,100 లూట్లు సిద్ధంగా ఉన్నాయని ఆస్తుల జాబితా చెబుతోంది.

లూట్ జాతికే చెందిన థియోర్బో కథ వేరు. దాదాపు మనిషంత ఎత్తున, ఒక్కోసారి ఇంకా పొడవుగా ఉండే ఈ వాద్యం 1580ల్లో ఫ్లారెన్స్‌లో రూపుదిద్దుకుంది. మెదీచీ ఆస్థానంలోని ఆంటోనియో నాల్డీ దీన్ని కనిపెట్టాడని అతని సమకాలికులే రాశారు. అప్పట్లో అక్కడ గాయకులు కొత్త దారి వెతుకుతున్నారు. నాలుగైదు గొంతులు కలిసి పాడే పాటలో మాట వినపడటం లేదు. ఒక్క గొంతే పాడాలి, ప్రతి మాటా అర్థం కావాలి, కింద గంభీరమైన మంద్రం నడవాలి. మామూలు లూట్‌లో అంతటి మంద్రం లేదు.

మంద్రం కావాలంటే వాద్యం పెద్దది కావాలి. అక్కడే చిక్కొచ్చింది. పేగు తీగకు ఒక హద్దుంది. ఒక పొడవులో ఫలానా శ్రుతి దాటితే అది సన్నదైనా లావుదైనా తెగుతుంది. అరవై సెంటీమీటర్ల లూట్ మీద నిలిచే పై తీగ ఎనభై అయిదు సెంటీమీటర్ల మెడ మీద నిలవదు. ఫ్లారెన్స్‌వాళ్లు చేసిన పరిష్కారం అద్భుతం. మొదటి రెండు తీగలను ఒక స్థాయి కిందికి దించేశారు. దాంతో వాద్యంలో అన్నిటికన్నా హెచ్చు శ్రుతి మొదటి తీగది కాదు, మూడోది. ఆపైన మెడను పొడిగించి, వేళ్లు తగలని పొడవాటి మంద్ర తీగలను దాని చివరిదాకా లాగారు. ఇవి మీటర్నర పొడవుంటాయి. 1602లో జూలియో కాచ్చీనీ తన ‘లె నూవె మూజికే’లో గొంతుకు తోడుగా ఇంతకన్నా తగినది లేదని తేల్చిచెప్పాడు. మాంటెవర్డీ 1607లో మాంటువాలో ప్రదర్శించిన ‘ఓర్ఫెయో’ వాద్యాల జాబితాలో దీనికీ చోటుంది. అప్పట్లో దాని ఇటాలియన్ పేరు కీటరోనే.

తప్పనిసరై కిందికి దించిన ఆ రెండు తీగల నుంచి కొత్త అందం పుట్టింది. పక్కపక్క స్వరాలు ఒకే తీగ మీద కాక వేర్వేరు తీగల మీద పడతాయి. ఒకటి ఆగకముందే ఇంకొకటి మోగుతుంది, రెండూ కలిసి గంటల్లా నినదిస్తాయి. జర్మన్ సేనాధికారి కొడుకు కాప్స్‌బెర్గర్ 1604లో వెనిస్‌లో అచ్చువేసిన మొదటి కీటరోనే పుస్తకం ఈ రహస్యాన్ని పూర్తిగా వాడుకుంది. అందులోని ‘టొక్కాటా ఆర్పెజ్జాటా’ పేజీ మీద చూస్తే వరుసగా నిలువు అంకెల దొంతరలే. వాటిని ఎలా విడదీసి మీటాలో వాద్యకారుడి ఇష్టం. ఈ సంగీతాన్ని మొదటిసారి వినాలనుకునేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలి.

ఫ్రాన్స్‌లో 14వ లూయీ కొలువులోని రొబేర్ ద వీజే థియోర్బో రచనలు మనదాకా వచ్చాయంటే మళ్లీ ఒక శిష్యుడే కారణం. బెజాన్‌సాన్ ప్రాంతపు పెద్దింటివాడు వోద్రీ ద సెజనే పారిస్‌లో వీజే దగ్గర నేర్చుకుని, 1699 తేదీతో పెద్ద రాతప్రతి తయారుచేసుకున్నాడు. వీజే స్వయంగా 1716లో అచ్చువేసిన పుస్తకం మామూలు స్వరలిపిలో ఉంది. వేళ్లు ఎక్కడ పడాలో కావాలంటే శిష్యుడి పుస్తకమే తెరవాలి. అది ఇప్పటికీ బెజాన్‌సాన్ గ్రంథాలయంలోనే ఉంది.

లూట్ చివరి మహా విద్వాంసుడు డ్రెస్డెన్‌కు చెందిన సిల్వియస్ లియోపోల్డ్ వైస్. 1739లో లైప్‌జిగ్‌లో బాఖ్ ఇంటికి వెళ్లి వాయించాడు. ఇద్దరూ 1750లోనే కన్నుమూశారు.

పునరుద్ధరణకు పునాది వేసింది ఆర్నాల్డ్ డోల్మెచ్. 1893లో లండన్‌లో ఒక లూట్ తయారుచేశాడు. అతని శిష్యురాలు డయానా పౌల్టన్ 1956లో ఇంగ్లండులో లూట్ సొసైటీ ఏర్పాటుకు తోడ్పడింది. 1972లో డౌలండ్ జీవిత చరిత్ర రాసింది, తర్వాత అతని లూట్ రచనలన్నీ ఒక్కచోట చేర్చింది. ఈ కథలో ఆమెకు దక్కాల్సినంత పేరు దక్కలేదు. సామాన్య శ్రోతల్లోకి లూట్‌ను తీసుకెళ్లింది గిటార్ విద్వాంసుడు జూలియన్ బ్రీమ్. అతని వాద్యం బరువుగా ఉండేది, మెట్లు లోహపువి, మీటేది గోళ్లతో. ధ్వని పాతది కాకపోయినా ఆ వాయింపులో ప్రాణం ఉండేది. తర్వాతి తరం మ్యూజియం వాద్యాల కొలతలు తీసి తేలికైన లూట్లు చేయించుకుంది, గోళ్లు కత్తిరించుకుంది, బొటనవేలిని అరచేతి లోపలికి మడిచే పాత పద్ధతిని పుస్తకాల నుంచీ చిత్రాల నుంచీ నేర్చుకుంది. పాల్ ఓడెట్, నైజెల్ నార్త్, హాప్కిన్సన్ స్మిత్ రికార్డింగుల్లో ఆ శ్రమ ఫలితం వినపడుతుంది.

నేర్చుకోవాలనుకుంటే మొదటి మెట్టు అంత ఎత్తేమీ కాదు. గిటార్ ఉన్నవాళ్లు మూడో తీగను అర స్వరం దించి, మూడో మెట్టు దగ్గర కాపో బిగిస్తే ఆరు జంటల లూట్ శ్రుతి వచ్చేస్తుంది. అలా చేస్తే డౌలండ్ ట్యాబ్లేచర్లు చాలావరకు నేరుగా చదువుకోవచ్చు. గ్రంథాలయాలు ఎన్నో రాతప్రతుల ఫొటోలను ఉచితంగా చూడనిస్తున్నాయి. లూట్ సొసైటీ సభ్యులకు వాద్యాలను అద్దెకిస్తుంది. లూట్ చేతికొచ్చాక చిటికెన వేలిని పలక మీద ఆనించి, బొటనవేలు కిందికి, చూపుడువేలు పైకి, ఒక్క తీగల జంట మీద నెమ్మదిగా మీటడమే కొన్ని వారాల సాధన. రెండు తీగలూ ఒకేసారి ఒకే బరువుతో మోగాలి. తొందరపడి డౌలండ్ ‘లాక్రిమే’ మొదలుపెట్టేకంటే మార్గరెట్ బోర్డ్ పుస్తకంలోని చిన్న నాట్యగతులు పట్టుకోవడం మేలు.

థియోర్బోకు ఇది చాలదు. అక్కడ ఎక్కువగా ఎదురయ్యేది ట్యాబ్లేచర్ కాదు, ఒక్క మంద్ర స్వరాల వరుస, కొన్నిచోట్ల అంకెలు. మిగతా స్వరాలను వాద్యకారుడు అక్కడికక్కడే అల్లుకోవాలి. అందుకని ఒక గాయకుడినో గాయనినో తోడు తెచ్చుకుని కాచ్చీనీ ‘అమరిల్లి’తో మొదలుపెట్టడం మంచిది. పాశ్చాత్య గాత్రం నేర్చుకునేవాళ్లు తొలినాళ్లలో పాడే పాటే అది. మొదట్లో ఒక్కో మంద్ర స్వరానికి ఒక్క మీటు చాలు, మిగతా ధ్యాసంతా పాడే మనిషి ఊపిరి మీద పెట్టాలి. కాప్స్‌బెర్గర్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.